మా అమ్మ సోల ఎంత పట్టేది

సోల అంటే పావు లీటరు అని రాసినవారు ఎవరో నాకు తెలియదు. తెలిస్తే వారికి రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం పంపేవాణ్ణి. బాన్సువాడ బస్టాండుకు దగ్గరలో కొత్తగా తెరిచిన ఒక కిరాణా దుకాణంలో, బియ్యం బస్తాల పైన గోడకు, పాత కొలతలు, కొత్త కొలతలు అని రంగుల్లో అచ్చువేసిన కాగితం అంటించి ఉంది. గిద్దె, సోల, తవ్వ, మానిక అని వరుసగా రాసి, ఎదురుగా మిల్లీలీటర్లు వేశారు. సోలకు ఎదురుగా రెండు వందల యాభై. ఆ అంకె పక్కన 'సుమారు' అన్న మాటయినా లేదు. ఏ ఊరి సోల, ఎవరింటి సోల, దేనిని కొలిచే సోల అని నేను దుకాణదారుణ్ణి అడిగాను. అది పైనుంచి వచ్చిన కాగితమని, తనకు గోడ ఖాళీగా ఉంటే నచ్చదు కనుక అంటించానని, ఇంతకూ నాకు బియ్యం కావాలా వద్దా అని ఆయన చాలా మర్యాదగా అడిగాడు.

బియ్యం కావాలి. నేను వెళ్లింది బియ్యం కోసమే. మా చెల్లెలికి ఒడిబియ్యం పోయవలసిన సంవత్సరం అది. అందుకు సన్నబియ్యం చూడడానికి వెళ్లి, గోడమీది తప్పు చూసి, మనసు పాడుచేసుకుని, బియ్యం లేకుండానే ఇంటికి వచ్చాను. మా ఆవిడ ఖాళీ సంచి వైపు చూసింది. కాగితం సంగతి నేను పూర్తిగా చెప్పేవరకు విని, సంచి తీసుకుని తానే వెళ్లి బియ్యం తెచ్చింది.

నా కోపానికి కారణం ఉంది. నేను ముప్పై నాలుగేళ్లు కొలతలకు ముద్రవేసే ప్రభుత్వ ఉద్యోగం చేశాను. దుకాణాల్లోని లీటర్లు, అర లీటర్లు, తూకపు రాళ్లు, తక్కెడలు పరీక్షించి, సరిగా ఉంటే ముద్ర కొట్టడం, లేకుంటే స్వాధీనం చేసుకోవడం నా పని. దానికి తోడు చిన్నప్పటి నుంచీ రాసిపెట్టుకునే అలవాటు ఒకటి. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఏ ఏడు ఏ వారంలో మా పొలం తూము దాకా వచ్చాయి, మా బావిలో నీళ్లు ఏ నెలలో ఎన్ని మెట్ల కిందికి దిగాయి, వేపచెట్టు ఎప్పుడు పూసింది, ఇవన్నీ తేదీలతో సహా నా దగ్గర ఉన్నాయి. ఇప్పటికి నలభై ఒక్క నోటుబుక్కులయ్యాయి. వాటిలో నా లెక్క తప్పని రుజువు చేసినవారు ఆ ఏడాది వరకు లేరు.

మా ఇంట్లో ఒక ఇత్తడి సోల ఉండేది. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. అడుగు సన్నగా, మూతి కొంచెం విచ్చుకుని, అంచు అరిగి పదునెక్కి ఉండేది. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ముద్రలేని కొలతపాత్రలను ఊళ్లో అందరి దగ్గరా పట్టుకుంటూ, నా ఇంట్లోనే ముద్రలేని సోల ఉండడం నాకు సిగ్గనిపించింది. ఇంటి వాడకానికి ఏ పాత్ర ఉన్నా చట్టానికి అభ్యంతరం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, నా నిజాయితీ నలుగురికీ కనబడాలని, ఆ సోలను కంచరి దుకాణంలో ఇచ్చేసి, బదులుగా ముద్ర ఉన్న అర లీటరు తెచ్చాను. ఇచ్చే ముందు మాత్రం పద్ధతి ప్రకారం దాని వివరాలు రాసుకున్నాను. అంచుదాకా నీళ్లు పోసి, ఆ నీళ్లను గాజు గొట్టంలో కొలిచి, మూడుసార్లు సరిచూసి, మూడు వందల పది మిల్లీలీటర్లు అని ఎర్రసిరాతో గీత గీసి రాశాను. అమ్మ ఆ రోజు కొత్త పాత్రను చేతిలో అటూ ఇటూ తిప్పి, "గిది నా చేతికి తెలుస్తలేదు" అని మాత్రం అని, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక చెల్లెలి సంగతి. నాకు ఒక్కతే చెల్లెలు, నాకంటే ఆరేళ్లు చిన్న. కోటగిరిలో ఇచ్చాము. కాలువ కింద రెండు పంటలు పండే భూమి, మంచి ఇల్లు. మా వైపు పెళ్లయిన ఆడపిల్లకు మూడేళ్లకో అయిదేళ్లకో, బేసి సంవత్సరం చూసి, పుట్టింటివారు ఒడిబియ్యం పోస్తారు. బియ్యానికి పసుపు, కొద్దిగా నూనె పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు వేసి, ఆమె కొంగులో కొలిచి పోస్తారు. ఆమె ఆ మూటను నడుముకు కట్టుకుని, అయిదు పిడికెళ్లు పుట్టింటికే వదిలి, మిగిలినది అత్తగారింటికి తీసుకుపోయి వండి, వాడకట్టు వాళ్లను పిలిచి భోజనం పెడుతుంది. ఎంత పోయాలన్నది ఇంటింటికీ వేరు. మా ఇంట్లో పదకొండు సోలలు.

తల్లి లేనప్పుడు ఆ పని అన్నావదినలది. పోస్తే ఆ ఆడపిల్లకు తల్లిగారిల్లు ఉన్నట్టు. పోయకపోతే ఎవరూ పైకి ఏమీ అనరు కానీ, వాడకట్టు ఆడవాళ్లందరికీ ఆ లెక్క తెలుసు. సోల పోయాక మా అమ్మ చేతికందిన గిన్నెతో, తన చేతి అంచనా మీదే పదకొండు సోలలూ పోసేది. ఆమె చివరిసారి పోసి పదేళ్లు దాటింది. అమ్మ పోయాక మొదటి ఏడు పనికిరాదన్నారు. తరువాత బేసి సంవత్సరం వచ్చేసరికి నాకు గుండె దవాఖాన. ఆ తరువాత మహమ్మారి. ఆపైన చెల్లెలి మోకాళ్ల ఆపరేషన్. ప్రతి కారణమూ నిజమే. తేదీలతో సహా రాసి ఉంది. కానీ కారణాలు అన్నీ నిజమే అయినా, ఆమె కోటగిరిలో పక్కింటివాళ్ల ఒడిబియ్యం భోజనాలకు పదేళ్లుగా వెళ్లి తిని వస్తూ, తాను తిరిగి పెట్టలేదన్నది కూడా నిజమే.

అందుకే ఆ ఏడు, వరి నాట్లు అయిపోయిన తరువాత, నేనే ఫోన్ చేసి, రమ్మని, ఒడిబియ్యం పోస్తామని చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"అమ్మ సోల ఉన్నదా?" అంది.

లేదని ఆమెకూ తెలుసు. అదే చెప్పాను.

"మరి దేంతోని కొలుస్తవ్?"

దాని లెక్క నా దగ్గర భద్రంగా రాసి ఉందన్నాను.

"లెక్కను ఒడిల పోస్తవా అన్నా?"

నేను కొంచెం కోపంగానే, మూడు వందల పది మిల్లీలీటర్లు అంటే మూడు వందల పది మిల్లీలీటర్లేనని, ఇత్తడిలో కొలిచినా ఇనుములో కొలిచినా అందులో తేడా రాదని చెప్పాను. ఆమె నాకంటే నెమ్మదిగా మాట్లాడింది. పదకొండు సోలలంటే అమ్మ సోలలే పదకొండు అంది. ఒక్కటి తక్కువైనా కొంగు దులిపి లేస్తానంది. "నాకు బియ్యం లేక కాదు" అంది. చివర, ఫోన్ పెట్టేముందు, నవ్వుతూనే ఒక మాట అంది. "అమ్మ నన్ను సోలెడూ సోలెడూ అని పిలిచేది గద. నా పేరున్న గిన్నెనే తీస్కపోయి కంచరోనికి ఇచ్చినవ్."

అది నిజం. పుట్టినప్పుడు ఆమె చాలా చిన్నది. సోలెడంత పిల్ల అని మంత్రసాని అన్న మాటే ఆమెకు ముద్దుపేరయింది. ఆ పేరు నేను మరిచిపోయాను. నా నలభై ఒక్క పుస్తకాల్లో అది ఎక్కడా లేదు.

ఆమె నా అంకెను నమ్మలేదు కనుక, సాక్ష్యం కావాలనుకున్నాను. అమ్మ సోలలాంటిదే, అదే కాలపు పాత్ర, ఇంకెక్కడైనా ఉంటే దాన్ని కొలిచి చూపించాలని. గాజు గొట్టం, స్టీలు పట్టె, నోటుబుక్కు సంచిలో వేసుకుని బయలుదేరాను. తెలిసినవాళ్ల ఇళ్లలో సోల ఉందా అని అడగడం, తీసి చూపమనడం, నీళ్లు పోసి కొలవడం. రెండు వారాల్లో పద్నాలుగు సోలలు కొలిచాను. ఒక్కటి ఇంకొక దానితో సరిపోలేదు. అన్నిటికంటే చిన్నది రెండు వందల ముప్పై పట్టింది. పెద్దది మూడు వందల ఎనభై. గోడమీది కాగితం మీద నా కోపం న్యాయమైనదేనని తేలింది. కానీ చెల్లెలికి చూపించగల సాక్ష్యం మాత్రం దొరకలేదు.

పైగా కొలతలకంటే మాటలు ఎక్కువ పోగయ్యాయి. మా వీధిలో పాలు పోసే అవ్వ సోల నురుగుతో కలిపి సోల. నురుగు దిగేదాకా ఆగి కొలవాలి కదా అని అడిగితే, ఆమె నన్ను ఇరవై ఏళ్ల కిందటి తనిఖీలతో సహా గుర్తుపట్టి, "నురుగు దిగేదాక ఆగితే పొద్దు దిగుతది. నీ లెక్కనే రాస్కో, నా పాలు మాత్రం నేనే పోస్త" అంది. నేను రెండూ రాసుకున్నాను. బీడీలు చుట్టే ఇంకొకామె దగ్గర సోల అంటే గిన్నె కాదు, సమయం. తన చిన్నతనంలో ఇంట్లో గడియారం లేదట. సోలెడు బియ్యం పొయ్యి మీద పెట్టి, అవి ఉడికేలోగా ఒక కట్ట, అంటే ఇరవై అయిదు బీడీలు, చుట్టి దారం కట్టాలి. కట్ట పూర్తికాకుండా అన్నం పొంగితే ఆ రోజు చెయ్యి మందగించినట్టు. మరి బియ్యం పాతవైతే ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది కదా అన్నాను. "గదే గద మాకు సెలవు" అంది ఆమె. జుక్కల్ వైపు నుంచి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న మరాఠీ ఆమెను కూడా వదలలేదు. తమ ఇంట్లో అలాంటి చిన్న కొలతను చిపటె అంటారని చెప్పి, ఎంత పడుతుందని అడిగితే, నా నోటుబుక్కు పక్కకు జరిపి నా రెండు చేతులూ దోసిలిగా పట్టించి, ఆ దోసిలి వైపు వేలు చూపించింది. అది నేను అంకెగా రాయలేకపోయాను.

బీర్కూర్‌లో తొంభైకి దగ్గరపడిన ఒక రైతు దగ్గర సోల నేలమీదికి దిగింది. ఆయన తన పొలం గట్టు మీద నిలబడి, గది మానెడు మడి, గది తవ్వెడు, గా మూలది సోలెడు అని చేతికర్రతో చూపించాడు. ఎంత విత్తనం చల్లితే సరిపోతుందో అంత జాగ అన్నమాట. సోలెడు అంటే ఎన్ని గజాలు అని నేను అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"ఏ విత్తనం?" అన్నాడు.

ఏదైతేనేం అన్నాను.

"నువ్వులు సోలెడు చల్లితే గా తాటిచెట్టు దాక పోతయి. వడ్లు సోలెడు చల్లితే నువ్వు నిలబడ్డ కాడనే అయిపోతయి. ఎన్ని గజాలంటే నేనేం చెప్పాలె?"

అంటే ఒకే మాట, ఒకే గిన్నె, ఒకే పొలంలో పదింతలు పెరిగి పదింతలు తగ్గుతుంది. నేను ఆ గట్టుమీదే కూర్చుని ఇది రాసుకున్నాను. రాస్తూంటే నాకు కోపం రావలసింది. రాలేదు. చాలా ఏళ్ల తరువాత నాకు ఒక పని బాగుందనిపించింది. ఇంటికి వచ్చి ఆ సాయంత్రం మా ఆవిడకు అంతా చదివి వినిపిస్తే ఆమె నవ్వి, ఇన్ని ఊళ్లు తిరిగి ఇన్ని సోలలు తెచ్చారు, ఒడిబియ్యానికి ఏ సోల అని అడిగింది. ఆ ప్రశ్నకు మాత్రం నా జవాబు మారలేదు. మూడు వందల పది.

రేకుపని చేసే ఒకాయన దగ్గర కూర్చుని కొత్త సోల చేయించాను. ఇత్తడిలో చేసేవారు దొరకలేదు కనుక స్టీలులో. నిలువుగా, అడుగూ మూతీ ఒకే వెడల్పుతో, గొట్టంలా వచ్చింది. నాలుగుసార్లు నీళ్లు పోసి సరిచూశాను. మూడు వందల పది. వెంట్రుకవాసి తేడా లేదు. పదకొండింటికి ఎంత బియ్యం కావాలో లెక్కవేసి, అంత బియ్యమే గంపలో పోసి, పసుపూ నూనే పట్టించమని మా ఆవిడకు అప్పగించాను. ఎక్కువ కలిపితే వృథా అవుతుందని కూడా చెప్పాను.

ఆ రోజు ఉదయం చెల్లెలూ బావా కోటగిరి నుంచి ఆటోలో దిగారు. చెల్లెలు ఆపరేషన్ అయిన మోకాళ్లతో ఒక్కో మెట్టే ఎక్కుతూ, గడప మీద కాసేపు ఆగి, ఇల్లంతా ఒకసారి చూసింది. బావ నా చేతిలోని కొత్త సోలను తీసుకుని, లోపలికి తొంగిచూసి, తనకు టీ ఇందులోనే ఇస్తామా అని అడిగాడు. మా వీధి నుంచి అయిదుగురు ముత్తైదువలు వచ్చారు. చెల్లెలినీ బావనూ పీటల మీద కూర్చోబెట్టారు. చెల్లెలు కొత్త చీర కొంగు రెండు చేతులతో విప్పి పట్టుకుంది. మామూలుగా పోసేది ఆడవాళ్లే. కానీ కొలత మాట ఇచ్చింది నేను కనుక కొలిచే పని నాది, పోసే పని మా ఆవిడది అని ఒప్పందం.

ముత్తైదువలు పాట ఎత్తుకున్నారు. నేను గంపలో సోల ముంచి, స్టీలు పట్టెతో అంచుమీద గీసి, పైన నిలిచిన గింజలు గంపలోకి రాల్చి, సమంగా అయిన సోలను మా ఆవిడ చేతికి ఇచ్చాను. మొదటిదాన్ని ఒకటి అనం కదా, లాభం అన్నాను. ఆమె పోసింది. మళ్లీ ముంచి, గీసి, ఇచ్చాను. రెండు. మూడోదాన్ని పట్టెతో గీస్తుంటే పాట ఆగిపోయిన సంగతి గమనించాను. అయిదుగురూ నా చేతిలోని పట్టెనే చూస్తున్నారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు రాయగలను. ఆడపిల్ల ఒడిలో పోసే బియ్యాన్ని మా వైపు ఎంత లేనివారైనా, ఎంత పిసినారులైనా, తల కొట్టి కొలవరు. అంచు దాటి నిలిచినంత నిలవనిస్తారు. ముప్పై నాలుగేళ్లు పట్టెతో గీసీ గీసీ, గీయకుండా కొలిచే కొలత ఒకటి ఉంటుందనే సంగతే నా చెయ్యి మరిచిపోయింది. ఈ తప్పు చేయగలిగిన మనిషి బాన్సువాడ మొత్తంలో నేను ఒక్కణ్ణే అయి ఉంటాను.

మూడోదీ పడ్డాక చెల్లెలు కొంగును రెండుసార్లు పైకి ఎగరేసి, బరువు చూసింది. నవ్వడం లేదు.

"ఎన్ని పోసినవన్నా?"

మూడన్నాను.

"మూడు గావు. అమ్మ పోస్తే మూడో సోలకే నా చేతులు కిందికి గుంజేవి. గీ బియ్యం నా కొంగుకే తెలుస్తలేవు."

బావ ఏదో అనబోయాడు. ఆమె మోచేత్తో పొడిచింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. పదేళ్లు ఎదురుచూసి వచ్చి, చివరికి ఇంతేనా అనుకుంటున్న మనిషి ముఖం అది. లేస్తుందేమోనని నాకు భయం వేసింది. నా నోటుబుక్కు గుర్తుచేద్దామనుకున్నాను. ఆ పుస్తకంలో ఎత్తుకు గడి ఉంది, బరువుకు ఉంది, పట్టే నీళ్లకు ఉంది. అంచు పైన నిలిచే గోపురానికి గడి లేదు. నీళ్లు గోపురంగా నిలవవు మరి.

"ఇప్పుడేం చెయ్యమంటవ్, చెప్పు" అన్నాను.

"గా పట్టె వదినకియ్యి."

ఇచ్చాను. మా ఆవిడ దాన్ని వెనక్కి చూడకుండా వంటింట్లోకి విసిరింది.

"ఎడమచేత్తోని సోల పట్టుకో. గట్ల కాదు. వేళ్లు అంచు మీదికి తే. బొటనవేలు లోపటికి పోవద్దు, బయటనే ఉండాలె. ఇగ చెయ్యంత అంచు సుట్టు గోడ లెక్క పెట్టు. అమ్మ గట్లనే పడుతుండె. ఆమె ముంచినప్పుడు నాకు ఎన్నడు సోల కనవడలే. చెయ్యి కనవడేది, చెయ్యి మీద బియ్యం కనవడేది."

నేను ఉద్యోగంలో ఉండగా, బొటనవేలు కొలతపాత్ర లోపలికి దూర్చి గిద్దెడు కాజేసే వర్తకులను ఎందరినో పట్టుకున్నాను. కొలతను తగ్గించే చేతివాటాలు పదిహేడు రకాలు వివరంగా రాసి ఉంచాను. కొలతను పెంచే చేతివాటం ఒకటి ఉంటుందని, అది మా ఇంట్లోనే, రోజూ నా కళ్లముందే జరిగేదని, నేను గమనించలేదు. పట్టుకోవలసిన దొంగతనం కాదు కనుక నా కంటికి ఆనలేదు కాబోలు.

ఆమె చెప్పినట్టే పట్టి ముంచాను. నూనె పట్టిన బియ్యం ఒకదానినొకటి అంటుకుని నా వేళ్ల మీదికి ఎక్కి, చూపుడువేలు కణుపులు మునిగేదాకా నిలిచాయి. నాలుగని అనబోయాను.

"నాలుగు కాదు. లాభం అను" అంది చెల్లెలు.

మరి మొదటి మూడూ ఏమయ్యాయని అడిగాను.

"అవి సర్కారు లెక్క. ఒడిల పడ్డవి మళ్ల తియ్యొద్దు, అవి నావే. ఇగ అమ్మ లెక్క షురూ చెయ్యి."

ముత్తైదువలు పకపకా నవ్వారు. పాట మళ్లీ మొదలైంది, ఈసారి కొంచెం హెచ్చుగానే. లాభం, రెండు, మూడు అంటూ ముంచుతున్నాను. ఆరు తరువాత ఏడు అనకూడదు కనుక ఆరున్నొకటి అన్నాను. ఆ సోల ముంచబోయేసరికి గంప అడుగు కనబడింది. ఎంత గోకినా అది సగమే వచ్చింది. నా లెక్క ప్రకారం గంపలో పోసిన బియ్యం నా లెక్క ప్రకారమే అయిపోయింది. మధ్యలో ఆపితే ఎంత అశుభమో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. చెల్లెలు కొంగు పట్టుకునే ఉంది. చేతులు అప్పటికే కిందికి గుంజుతున్నాయి, మోకాళ్లు నొప్పి పెడుతున్నట్టు పెదవి బిగించింది, కానీ కొంగు మూయలేదు.

మా ఆవిడ లేచి లోపలికి వెళ్లి, ఒక పెద్ద బేసిను రెండు చేతులతో మోసుకొచ్చి గంప పక్కన పెట్టింది. నిండా పసుపుబియ్యం. ముందురోజే కలిపినవి. ఆరిన పసుపు రంగు చూస్తే తెలుస్తుంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడకుండా చెల్లెలితో అంది.

"మీ అన్న లెక్క నాకు తెల్వదా? గందుకే రెండింతలు కలిపిన."

"మరి పట్టెతోని గీస్తుంటె ఎందుకు చెప్పలే వదినా?"

"ఎంతసేపు గీస్తడో సూద్దామని."

ఆ మాటకు నాకు రావలసిన కోపం కూడా వచ్చింది. కానీ చేతినిండా బియ్యం ఉన్నప్పుడు కోపం చూపించడం కుదరదు. ఆరున్నొకటి నిండింది, ఎనిమిదీ తొమ్మిదీ పదీ అయ్యాయి. పదకొండోది ముంచేటప్పుడు నా రెండో చెయ్యి కూడా అంచు చుట్టూ చేరింది. ఎవరూ చెప్పలేదు. బియ్యం నా మణికట్ల మీదికి కారి, నేలమీద పడి, బావ పీట కిందికి దొర్లాయి. మా ఆవిడకు ఇవ్వకుండా నేనే లేచి ఆ సోలను చెల్లెలి ఒడిలో కుమ్మరించాను. పోసేది ఆడవాళ్లే కదా అని ఎవరూ అడ్డుచెప్పలేదు.

చెల్లెలి చేతులు ఒక్కసారి కిందికి జారాయి. బావ కొంగు అంచు పట్టుకుని ఆదుకోవలసి వచ్చింది. ఆమె ఆ బరువును ఒడిలో అటూ ఇటూ సర్దుకుని, కళ్లు మూసుకుని, తెరిచింది.

"ఆఁ. గిది" అంది.

అంతే అంది. మూట కట్టుకుని లేవడానికి ఇద్దరు పట్టారు. సాయంత్రం ఆటోకు తిరిగి పోవలసినవాళ్లు. ఆటో వచ్చి హారన్ కొట్టింది కూడా. చెల్లెలు వాకిట్లోకి వెళ్లి, ఆటో ఆయనతో, మూడురోజుల తరువాత రమ్మని చెప్పి పంపేసింది. తల్లిగారింటికి వచ్చి పూటకే ఎవరైనా పోతారా అని ఆయననే ఎదురు అడిగింది. బావ నన్ను పక్కకు పిలిచి, పెళ్లాం ఉంటానన్నది సరే, తనను కూడా ఉంచుకుంటామా, లేక తన పేరు కూడా రాసి లెక్క చూడాలా అని అడిగాడు. మూడు రోజులూ ఆడవాళ్లిద్దరూ వంటిల్లు వదలలేదు. నా గురించి వాళ్లు ఏమేమి చెప్పుకున్నారో నాకు వినబడినంతవరకు రాసిపెట్టాను. వినబడనిది ఎక్కువ ఉందని నవ్వులను బట్టి తెలిసింది. వెళ్లేరోజు ఆమె అయిదు పిడికెళ్లు దేవుడి గూటి ముందు వదిలి, మూట నడుముకు కట్టుకుని, వచ్చినప్పటికంటే చురుగ్గా మెట్లు దిగింది.

అయిదోనాడు మమ్మల్ని కోటగిరికి భోజనానికి పిలిచారు. మేము వెళ్లేసరికి వాకిట్లో రెండు వరుసల విస్తళ్లు వేసి ఉన్నాయి. వాడకట్టు ఆడవాళ్లు, పిల్లలు, పక్కనున్న ట్రాక్టరు మరమ్మతు చేసేవాళ్లు, అందరూ వచ్చారు. చెల్లెలు మోకాళ్ల మాట ఎవరు ఎత్తినా వినకుండా తానే అన్నం గిన్నె ఎత్తుకుని వడ్డిస్తోంది. పసుపుపచ్చటి అన్నం, పప్పు, బెల్లం పరమాన్నం. ప్రతి విస్తరి దగ్గర వంగి, మా తల్లిగారి బియ్యం, ఇంకొంచెం పెట్టుకో అంటోంది. వద్దన్నవాళ్లకు కూడా పెడుతోంది. అంతమంది తిన్నాక కూడా గిన్నెలో మిగిలింది. ఇన్ని బియ్యం ఎవరు పోశారమ్మా, నీకు తల్లి లేదు గద అని ఒక ముసలామె అడిగింది.

"మా అన్న పోసిండు" అంది చెల్లెలు. "అదిగో, గా మూలకు కూసున్నడు. మళ్ల మూడేండ్లకు పోస్తనన్నడు."

నేను ఆ మాట అనలేదు. అక్కడున్న అందరూ నా వైపు తిరిగి చూశారు. మా ఆవిడ తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది. నేను అప్పటికే నోటిలో ముద్ద పెట్టుకుని ఉన్నాను కనుక, అవునని తల ఊపాను. చెల్లెలు వచ్చి, అడగకుండానే, నా విస్తరిలో ఇంకొక గరిటెడు పరమాన్నం వేసి, పక్క వరుసకు వెళ్లింది.